లైటు పచ్చగానే ఉంది

“సొరంగం పడిపోలేదు. లైటు పచ్చగానే ఉంది. కాబట్టి ఇక్కడ కెమెరాల తీగ పీకింది ఈవిడే, పెట్టెలు మాయం చేసింది కూడా ఈవిడే.”

ఇంత మాట అనేసి పచ్చలైటు తన ల్యాప్‌టాప్‌ని ఎస్సై వైపు తిప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ కంపెనీకి నెట్‌వర్క్ సలహాదారు ఆయన. నేను ఈ గదిలో అడుగు పెట్టినప్పటి నుంచి ఏది అడిగినా “లైటు పచ్చగా ఉంది కదా మేడమ్” తప్ప ఇంకో మాట లేదు. అందుకే ఆ పేరు పెట్టేశాను. అంతకంటే నప్పే పేరు వాళ్ళమ్మానాన్నలు కూడా పెట్టి ఉండరు.

ఎస్సై టీ గ్లాసు కింద పెట్టాడు. “మరింకేం. ఏమ్మా, జీపెక్కుతావా?”

అడిగింది స్వెటరక్కని. పాముకాటుకి విరుగుడు మందు నిల్వ చేసే గోడౌన్ ఇది. ఇందులో చలిగది మొత్తం ఆమె చేతి కింద ఉంది. బయట ఎండ మండిపోతున్నా ఒంటి మీద ఆ నీలం స్వెటర్ ఉండాల్సిందే కాబట్టి లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి అందరికీ ఆమె స్వెటరక్కే. నిన్న సరుకు లెక్క చూస్తే ఆరు పెట్టెలు తగ్గాయి. చలిగది తాళం ఉండేది ఆమె దగ్గర. పైగా పోయిన సోమవారం మధ్యాహ్నం నుంచి హెడ్డాఫీసు తెర మీద ఈ గోడౌన్ కెమెరాల బొమ్మలన్నీ నల్లగా ఉన్నాయి. ఒక మనిషిని దొంగని చేసెయ్యడానికి ఇంకేం కావాలి?

“ఎక్కుతాను సార్,” అంది స్వెటరక్క. కళ్ళు మాత్రం చలిగది తలుపు మీదే ఉన్నాయి. “ఒక్క నిమిషం, లోపల ఎన్ని డిగ్రీలుందో చూసొస్తా. పొద్దున్న బండి పంపించినప్పటి నుంచి ఎవరూ చూడలేదు.”

“చూశావా అమ్మాయ్,” అంటూ నా మోచెయ్యి పొడిచింది వాళ్ళ అత్తగారు. “దీని తీరే అంత. నా కొడుక్కి జ్వరమొస్తే దగ్గర కూర్చుని ఓ మంచి మాట చెప్పదు, ముందు డిగ్రీలు చూస్తుంది.”

నన్ను పెట్టుకున్నది ఈ పెద్దావిడే. కోడల్ని కాపాడమని అత్తగారు వచ్చి తలుపు తట్టడం నా డిటెక్టివ్ సర్వీసులో ఇదే మొదటిసారి. “ఇంట్లో దాన్ని నేను సవాలక్ష అంటాను, అది నా ఇష్టం. బయటివాడెవడైనా దొంగ అంటే మాత్రం ఊరుకోను,” అంది. ఆ మాటకే కేసు ఒప్పుకున్నాను.

“ఎస్సై గారూ, జీపు ఎక్కడికీ పారిపోదు. నాకు కాస్త టైమివ్వండి,” అన్నాను.

“ఎందుకండీ టైం దండగ?” అని అడ్డుపడ్డాడు బావమరిది. అంటే కంపెనీ యజమాని గారి బావమరిది. రవాణా అంతా ఆయనే చూస్తాడు, పోలీసు కంప్లయింటు ఇచ్చిందీ ఆయనే. “అంతా ఎదురుగా కనబడుతుంటే ఇంకా సాగదీయడం దేనికి?”

“చలిగదికి రెండో తాళం లేదా సార్?”

“ఉంది. హెడ్డాఫీసు బీరువాలో భద్రంగా ఉంది. మా బావగారూ నేనూ తప్ప దాన్ని ఎవరూ ముట్టరు.”

సరేనని స్వెటరక్క దగ్గరికి కుర్చీ జరుపుకున్నాను. “అక్కా, కెమెరాలు పని చేయట్లేదని నీకెప్పుడు తెలిసింది?”

“ఇవాళ పొద్దున్న. ఈ కంప్యూటర్ సారు చెప్తేనే.”

“మరి సోమవారం నుంచి?”

“నాకేం తెలుసమ్మా? నా టీవీలో అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. ఇదిగో, ఇప్పుడు కూడా.”

ఆమె వేలు చూపించిన వైపు గోడ మీద చిన్న టీవీ ఉంది. అందులో నాలుగు బొమ్మలు. చలిగది, సరుకెక్కించే అరుగు, గేటు, ఈ గది. ఈ గది బొమ్మలో రేగిన జుట్టుతో ఎవరో పిచ్చిదానిలా ఉందే అనుకుని చూస్తే అది నేనే.

నాకు కావలసింది దొరికింది. లేచి నిలబడ్డాను.

“ఎస్సై గారూ, మీరు దొంగతనం చేయాలనుకోండి. మీ టీవీలో కెమెరా నిక్షేపంగా కనిపిస్తోంది, హెడ్డాఫీసులో బొమ్మ పోయిందన్న సంగతి మీకెవరూ చెప్పలేదు. ఆ కెమెరా ముందే పెట్టెలు ఎత్తుకెళ్తారా?”

ఎస్సై గడ్డం గోక్కున్నాడు. “ఎత్తుకెళ్ళను.”

“ఎత్తుకెళ్ళిన వాడికి కెమెరా గుడ్డిదైందని తెలుసు. ఈమెకి తెలియదు. ముందు ఆ తెలిసినవాళ్ళెవరో చూద్దాం.”

“మాటల గారడీ!” అన్నాడు పచ్చలైటు. “మేడమ్, నేను ఇలాంటి సొరంగాలు ఎన్ని వేశానో మీకు తెలుసా? వీపీఎన్ అంటే ఏమనుకున్నారు?”

“నేనేమనుకుంటే ఏంలే, ఎస్సై గారికి చెప్పండి.”

ఛాతీ విరుచుకున్నాడు. “సార్, హెడ్డాఫీసుకీ ఈ గోడౌన్‌కీ మధ్య ఇంటర్నెట్‌లో మాకు మాత్రమే కనబడే సొంత దారి ఉంది. దాన్నే సొరంగం అంటాం. అది తెరిచి ఉంటే ఈ తెర మీద లైటు పచ్చగా ఉంటుంది. సొరంగం ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆఫీసు కంప్యూటర్లు మాట్లాడుకుంటున్నాయి. చలిగది మీటర్ల అంకెలు హెడ్డాఫీసుకి చేరుతున్నాయి. ఒక్క కెమెరాలే రావట్లేదంటే లోపం దారిలో లేదు, ఇక్కడి తీగలో ఉంది.”

“అయితే పదండి, ఆ తీగనే అడుగుదాం,” అన్నాను.

చలిగదిలోకి అడుగు పెట్టగానే పళ్ళు టకటకలాడాయి. అత్తగారు నా వెనకే వచ్చి తన శాలువా నా భుజాల మీద పడేసింది. నిచ్చెన వేయించుకుని ఎక్కాను. కెమెరాలో తీగ గుచ్చిన చోట తేమ తగలకుండా నల్ల టేపు చుట్టి ఉంది. దాని మీద దుమ్ము అట్టకట్టింది. గోటితో గీరితే గీత పడింది తప్ప టేపు అంచు ఎక్కడా లేవలేదు. దీన్ని సోమవారం కాదు కదా, ఈ మధ్యకాలంలో ఎవరూ ముట్టుకోలేదు. ఎస్సైని కూడా ఎక్కి చూడమన్నాను. ఎక్కాడు, తనూ గోటితో గీరి చూశాడు, దిగాడు.

నాకు ఇంకోటి కూడా కనబడింది. కెమెరా కింద చిన్న రబ్బరు మూత, దాని వెనక మెమరీ కార్డు. ఈ రకం కెమెరా నాకు బాగా తెలుసు. హెడ్డాఫీసులో బొమ్మలు రికార్డు చేసే యంత్రం అందుబాటులో లేకపోతే బొమ్మల్ని పారేయదు, తన కడుపులోనే దాచుకుంటుంది. దారి దొరికిన మరుక్షణం ఎవరూ అడక్కుండానే దాచిందంతా పంపించేస్తుంది. అయితే ఆ కార్డు హెడ్డాఫీసు యంత్రం ముందు తప్ప ఎవరి ముందూ నోరు విప్పదు, పీకి పట్టుకెళ్ళినా లాభం లేదు.

“దీనిలో పోయినవారం అంతా ఉంది,” అన్నాను పైనుంచే. “కానీ కార్డు చిన్నది. నిండితే పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటుంది. నా లెక్క ప్రకారం ఈ సాయంత్రానికి పోయినవారం బొమ్మలు చెరిగిపోవడం మొదలవుతుంది.”

స్వెటరక్క నా వంక చూసింది. ఏడవలేదు. స్వెటర్ చేతులు వేళ్ళ దాకా లాక్కుని, “అయితే తొందరగా కానీయమ్మా,” అంది అంతే.

ఇవతలికి వచ్చాం. పచ్చలైటు దగ్గర బెట్టు తగ్గలేదు. “మీరొచ్చే ముందే పరీక్ష చేశాను మేడమ్. ఇక్కడి రూటర్‌లోంచి హెడ్డాఫీసుకి పింగ్ కొట్టాను. అంటే ‘ఉన్నావా’ అని కేకేశాను. నాలుగు కేకలకీ నాలుగు జవాబులొచ్చాయి. దారి బాగున్నట్టే.”

“రూటర్‌లోంచే కొట్టారా?”

“అవును.”

“రూటర్ తనంతట తాను కేకేస్తే ఏ అడ్రసు పేరు మీద వేస్తుంది?”

ఆయన ల్యాప్‌టాప్ వైపు చూశాడు. “ఆఫీసు వైపు అడ్రసు మీద.”

“కెమెరాల వైపు నుంచి కొట్టారా?”

పచ్చలైటు నీళ్ళు నములుతున్నాడు. అత్తగారు నా చెవిలో, “ఏమైంది, పరీక్ష తప్పాడా?” అంది. గట్టిగానే అంది.

ఎస్సైకి విప్పి చెప్పాను. “ఈ గోడౌన్‌లో మూడు వీధులున్నాయనుకోండి. వీళ్ళ భాషలో సబ్‌నెట్లు. ఇరవై ఒకటో నంబరు వీధిలో ఆఫీసు కంప్యూటర్లు, ఇరవై రెండులో చలిగది మీటర్లు, ఇరవై మూడులో కెమెరాలు. సొరంగం ఒకటే అయినా ఏ వీధి దారి ఆ వీధిది. ప్రతి వీధికీ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, రెండు వైపులా దారి చెప్పి ఉండాలి. ఈయన తన వాకిట్లో నిలబడి చూసి ఊళ్ళో రోడ్లన్నీ బాగున్నాయన్నాడు.”

నా ల్యాప్‌టాప్ తీగని తీసుకెళ్ళి కెమెరాల తీగలన్నీ కలిసే డబ్బాలో గుచ్చాను. ఇప్పుడు నేను ఇరవై మూడో వీధి మనిషిని. హెడ్డాఫీసుకి పింగ్ కొట్టాను. జవాబు లేదు. మళ్ళీ కొట్టాను. లేదు. “కొడుతూనే ఉంటుంది, ఇప్పుడు మీ రూటర్ లెక్క చూడండి,” అన్నాను.

పచ్చలైటు చూశాడు. ఆయన గొంతు తగ్గింది. “ఇక్కణ్ణుంచి వెళ్తున్నాయి. సొరంగంలోకి దూరుతున్నాయి. అంకె పెరుగుతోంది.”

“తిరిగొచ్చేవి?”

“సున్నా.”

“అంటే తీగ బాగుంది. కెమెరాలు బాగున్నాయి. పోయినవి తిరిగి రావట్లేదు, అంతే. హెడ్డాఫీసు రూటర్ తెరవండి.”

“ఆగండాగండి,” అని లేచాడు బావమరిది. అంతవరకూ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాడు ఉన్నట్టుండి చురుకయ్యాడు. “హెడ్డాఫీసు రూటర్ జోలికి ఎవరు వెళ్ళమన్నారు? బావగారి అనుమతి లేకుండా కుదరదు.”

“అయితే ఆయనకి ఫోన్ చేయండి,” అన్నాడు ఎస్సై.

“విమానంలో ఉన్నారు. రేపు చూసుకుందాం.”

రేపు! సాయంత్రానికి చెరిగిపోతుందని నిచ్చెన మీద నిలబడి అరిచి చెప్పాను, ఈయనకి రేపు కావాలట. నా దగ్గరా నీ పప్పులుడికేది?

“సార్, దొంగతనం అయిందని కంప్లయింటు ఇచ్చింది మీరు,” అన్నాను. “దొంగ బొమ్మ దొరుకుతుందంటే అందరికంటే ముందు మీరే తొందరపెట్టాలి కదా?”

ఎస్సై ఆయన్ని పైనుంచి కింద దాకా ఓసారి చూశాడు. తర్వాత పచ్చలైటుతో, “తెరవవయ్యా,” అన్నాడు.

హెడ్డాఫీసు రూటర్ తెర మీదకి వచ్చింది. నా కేకలు అక్కడికి చేరుతున్నాయి. ఒకటి తర్వాత ఒకటి, పొల్లుపోకుండా. హెడ్డాఫీసు యంత్రం మర్యాదగా జవాబులు కూడా ఇస్తోంది. మరి ఆ జవాబులు ఏ గంగలో కలుస్తున్నట్టు?

“ఇరవై మూడో వీధికి దారి ఎటు అని అడగండి దాన్ని,” అన్నాను.

పచ్చలైటు టైపు చేశాడు. తెర మీద ఒకటికి రెండు దారులు కనబడ్డాయి. ఒకటి ఈ గోడౌన్ సొరంగం. రెండోది ఇంకేదో సొరంగం. రూటర్ రెండోదాన్నే వాడుతోంది.

“ఈ రెండో సొరంగం ఎక్కడికి?” అన్నాను.

పచ్చలైటు తెర దగ్గరికి వంగి మళ్ళీ చదివాడు.

“అయ్యా, నిన్నే. చెప్పు,” అన్నాడు ఎస్సై.

పచ్చలైటు మెల్లగా బావమరిది వైపు చూశాడు. “సారు ఇంటి నుంచి పని చేసుకుంటానన్నారు. ఆయనింటికి కూడా ఒక సొరంగం వేశాను. తొందరలో… గోడౌన్ కెమెరాల వీధికి వేసిన సెట్టింగే కాపీ చేసి పెట్టాను.”

“పేరు మార్చారు. వీధి నంబరు మార్చడం మర్చిపోయారు. ఎప్పుడు?”

“సోమవారం,” అన్నాడు. “మధ్యాహ్నం.”

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఈ వయసులో బాగుండదని ఊరుకున్నాను.

“విన్నారా ఎస్సై గారూ? కెమెరాల వీధికీ ఈ రవాణా సారు ఇంటికీ ఒకే నంబరు. హెడ్డాఫీసు రూటర్ పాపం, కెమెరాల వీధి ఈయనింటికి తరలిపోయిందనుకుంది. కెమెరాలకి వెళ్ళాల్సిన జవాబులన్నీ అక్కడికి పంపుతోంది. అక్కడ అందుకునేవాళ్ళు లేరు, పోతున్నాయి. ఏ తీగా ఎవరూ పీకలేదు. స్వెటరక్క అసలు దేన్నీ ముట్టుకోలేదు. బొమ్మ పోగొట్టింది ఈ పచ్చలైటు గారి పచ్చలైటే!”

“నా కోడలు కాదు!” అని అత్తగారు చేతికర్ర నేలకేసి కొట్టింది. “నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా కదా! ఏదీ, ఇప్పుడనండి దొంగని!”

“ఇంకొక్క ప్రశ్న,” అన్నాను. ఇదే అసలుది. “బొమ్మ పోయిందని మీరు ఎవరెవరికి చెప్పారు?”

పచ్చలైటు బెట్టంతా దిగిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. “హెడ్డాఫీసు కెమెరా గదిలో ఉండే తాత నాకు చెప్పాడు. నేను సారుకి ఒక్కరికే చెప్పాను. యజమాని గారికి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది, ఎవరికీ చెప్పకండి, సర్దేస్తానని బతిమాలాను. గోడౌన్‌కి కూడా చెప్పొద్దని సారే అన్నారు.”

“అదేంటి, నన్ను లాగుతారేంటి?” బావమరిది గొంతు కీచుగా పలికింది.

“ఎవరూ లాగట్లేదు సార్. కెమెరాలనే అడుగుదాం. అయ్యా, ఆ దొంగ దారిని తీసెయ్యండి.”

ఒక మాట ఒప్పుకోవాలి. పచ్చలైటు తటపటాయించలేదు. బావమరిది “వద్దు!” అని అరుస్తుండగానే రెండో దారిని చెరిపేశాడు. తన తప్పు తన చేత్తోనే తుడిచాడు కదా, అక్కడికి కొంచెం మంచి మార్కులు వేశాను.

అందరం నా తెర వైపు వంగాం. జవాబు లేదు… లేదు… వచ్చింది. ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత వరసగా వస్తూనే ఉన్నాయి.

“దారి పడింది!” అన్నాను. స్వెటరక్క రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అంతసేపు బిగపట్టిన ఏడుపు అప్పుడొచ్చింది. అత్తగారు ఆమె తల మీద చెయ్యేసి, “ఏడవకే, నేనున్నా కదా,” అంటూ తనూ కళ్ళొత్తుకుంది.

హెడ్డాఫీసు కెమెరా గదికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. తాత గొంతు ఖంగుమంది.

“తల్లీ! బొమ్మలొచ్చేశాయి! నాలుగూ వెలిగాయి! ఇదేంటి, పాతవి కూడా వచ్చి పడుతున్నాయి, సోమవారంవీ మంగళవారంవీ…”

“తాతా, చలిగది కెమెరా చూడు. గోడౌన్ మూసేశాక లోపలికి ఎవరైనా వచ్చారేమో చూడు.”

మౌస్ టిక్కుటిక్కులు వినబడ్డాయి. ఎస్సై ఫోన్ మీదకి వంగాడు. బావమరిది నెమ్మదిగా లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు. అత్తగారు తన కుర్చీని బరబరా ఈడ్చి తలుపుకి అడ్డంగా వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

“సోమవారం ఎవరూ లేరు. మంగళవారం లేరు. బుధవారం… ఆ, ఎవరో వచ్చారు. తాళం తీసుకునే వచ్చారమ్మా. ఆగు, పెద్దది చేస్తా. ఓరి నాయనో! ఈయన మన రవాణా సారు కదూ? యజమాని గారి బావమరిది!”

ఎస్సై చెయ్యి బావమరిది భుజం మీద పడింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నేను శాలువా సర్దుకుంటూ నవ్వుకున్నాను. ఇలాంటి ఘడియ కోసమే కదా ఈ ఉద్యోగం!

“చాల్లే తాతా, పట్టుకెళ్ళడం కనబడింది కదా. జాగ్రత్త చేసిపెట్టు.”

“పట్టుకెళ్ళడమేంటమ్మా?” అన్నాడు తాత అయోమయంగా. “ఈయన పెట్టెలు లోపలికి తెస్తున్నాడు కదా!”

నా నవ్వు ఆగిపోయింది.

“అచ్చం మన పెట్టెల్లాగే ఉన్నాయి. ఇవి ర్యాకులో పెడుతున్నాడు, అక్కడివి తీసి బయటికి మోస్తున్నాడు. చాలాసార్లు తిరిగాడు. చివర్న మాత్రం తీసుకెళ్ళాడు కానీ వాటి బదులు ఏమీ పెట్టలేదు.”

పోయినవి ఆరు పెట్టెలే కాదు. ఎన్నో మారిపోయాయి. మార్చడానికి ఈయన తెచ్చినవి సరిపోక, ఆరు తక్కువపడ్డాయి.

“తాతా, ఏ ర్యాకు?” అది స్వెటరక్క గొంతు. ఏడుపు లేదు, వణుకు లేదు.

“తలుపు పక్కది తల్లీ. కింది అర.”

“ఆ అర ఇవాళ పొద్దున్న బండికెక్కించాను,” అంది. ఎవరితోనూ కాదు, తనలో తనే. అంతలోనే బావమరిది ముందుకెళ్ళి నిలబడింది. “వాటిలో ఏముంది సార్?”

ఆయన తలెత్తలేదు. “ఉప్పునీళ్ళు.”

అప్పటికే ఆమె డ్రైవర్‌కి ఫోన్ కొట్టేసింది. “తమ్ముడూ, బండి ఆపు! ఉన్నచోటే ఆపు! ఒక్క పెట్టె కూడా దించొద్దు.”

“మొదటి ఆసుపత్రిలో దించేశానక్కా,” అన్నాడు అతను. “పాపం, పొలం నుంచి ఎవర్నో మోసుకొచ్చారు, కాలు వాచిపోయి ఉంది. సంతకం కూడా పెట్టకుండా పెట్టె లాక్కెళ్ళారు.”

స్వెటరక్క ఫోన్ నా చేతిలో పెట్టింది. “ఆసుపత్రికి చెప్పమ్మా, ఆ సీసాలు ఎక్కించొద్దని చెప్పు. మంచి మందు వస్తోందని చెప్పు.” చలిగదిలోకి పరిగెత్తింది. గుండెలకి ఐసుపెట్టె హత్తుకుని బయటికొచ్చింది. “వెనక ర్యాకువి. వీటి మీద ఎవడి చెయ్యీ పడలేదు.”

నేను ఆసుపత్రి నంబరు కలుపుతూనే ఉన్నాను. ఎస్సై ఒక్క క్షణం బిత్తరపోయి నిలబడ్డాడు. అత్తగారు తలుపు దగ్గర కుర్చీ ఒక్క తోపు తోసేసి కర్రెత్తింది.

“ఏం నాయనా, మా కోడల్ని జీపెక్కమన్నావు కదా? ఎక్కించు మరి!”

ఎస్సై పరిగెత్తాడు. బావమరిదిని జీపులో కూర్చున్న కానిస్టేబుల్ పక్కన వెనక కుక్కారు. స్వెటరక్క ముందు సీట్లో కూర్చుంది. ఒళ్ళో ఐసుపెట్టె, దాని మూత మీద రెండు చేతులు. నా చేతిలోని ఫోన్‌లో అవతలివాళ్ళు ఎత్తారు. “ఇంకా సూది వేయలేదు, సీసా విప్పుతున్నాం,” అంటున్నారు.

“ఆపండి!” అని అరిచాను. “అసలు మందు బయల్దేరింది!”

పొద్దున్న ఆమెని పట్టుకెళ్ళడానికి వచ్చిన జీపు, సైరన్ మోగిస్తూ, గేటు దాటి దూసుకుపోయింది.